నూరు నీళ్ళ మలాం

లిల్లీ తొమ్మిది గంటలకే ఇంటికి తిరిగొచ్చింది. పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సెక్కిన మనిషి సాయంత్రం ఆరు దాటితేగాని రాదు. రెబెక్కమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని రాతి కల్వంలో గుగ్గిలం నూరుతోంది. చెయ్యి ఆపి కోడలి మొహం చూసింది. లిల్లీ చెప్పులు విప్పి, బిందె దగ్గరికి పోయి చెంబుడు నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నాక చెప్పింది, గేటు దగ్గరే ఆపేశారని.

రొయ్యల కంపెనీలో లోపలికి పోయేముందు ఆడవాళ్ళంతా వరసగా నిలబడి చేతులు చూపించాలి. ట్యూబులైటు కింద ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు. గోళ్ళు పెరిగి ఉంటే కత్తిరిస్తారు, గాజులుంటే తీయిస్తారు, పుండు కనపడితే వెనక్కి పంపుతారు. లిల్లీ వేళ్ళ సందుల్లో పగుళ్ళు వారం నుంచి మూసుకుంటున్నాయి. పైకి పెద్దగా కనపడవు కూడా. అయినా సూపర్వైజరు విజయకుమారి ఆమె చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“గుగ్గిలం కంపు కొడతా ఉందంట. సరుక్కు వాసన పడితే కంటైనరంతా వెనక్కొస్తదంట,” అంది లిల్లీ. “చేతులకి మందు గానీ నూనె గానీ ఏదీ పూసుకోని రాకూడదని అందరి ముందరా చెప్పింది. నాతో ఇంకో ముగ్గుర్ని పంపేసినారు.”

ఆ ముగ్గురూ రెబెక్కమ్మ దగ్గర మలాం తీసుకున్నవాళ్ళే.

రెబెక్కమ్మ కోడలి చేతుల్ని ఒళ్ళోకి తీసుకుంది. ఐసులో వేసిన రొయ్యల్ని పొద్దస్తమానం వలిచే చేతులవి. ఆ ఐసుకు తోడు క్లోరిన్ నీళ్ళు, రొయ్య తలకాయ మీది ముల్లు, చిరిగిన గ్లౌజులో నిలవుండే తడి. నెల తిరిగేసరికి వేళ్ళ చివర్లు నానిన అటుకుల్లా తెల్లబడి, సందుల్లో చీలికలు పడతాయి. ట్యూబు మందులు పూసుకుని చూశారు. పూసిన గంటకే తడికి కొట్టుకుపోయాయి. గుగ్గిలం మలాం మాత్రం పట్టుకుంటుంది. చీలికలో మైనంలా కూర్చుని లోపల కొత్త చర్మం వచ్చేదాకా కదలదు. ఆ పాలెంలో బాలింతల చనుమొనలు చిట్లినా, పొయ్యి దగ్గర చెయ్యి కాలినా, ఎండాకాలం మడమలు పగిలినా రెబెక్కమ్మ ఇంటికే వస్తారు. ఆమె ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్తుంది. నాలుగు రోజులు తడి తగలనియ్యొద్దు అని. బాలింతలు వింటారు. కంపెనీకి పోయేవాళ్ళు తలూపి పోతారు.

“వాసన పోగొడితే రానిస్తారా?” అని అడిగింది రెబెక్కమ్మ.

లిల్లీ తనకు తెలియదంది. మొగుడు జడ్సన్ కాపలా ఉండే గుంటల్లో తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి. గుంటలు ఎండగట్టేశారు. అతను పని వెతుక్కుంటూ కృష్ణపట్నం పోయి ఇరవై రోజులైంది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేది లిల్లీ కూలి ఒక్కటే.

మర్నాడు, బుధవారం పొద్దున రెబెక్కమ్మ పొయ్యి వెలిగించింది. ఇనప మూకుడులో నువ్వుల నూనె పోసి, పొగ రాకముందే సెగ తగ్గించి, గుగ్గిలం పొడి చిటికెడు చిటికెడుగా చల్లింది. ఒక్కసారిగా వేస్తే గడ్డకట్టి అడుగంటుతుంది. మంట ఎక్కువైతే మూకుడంతా అంటుకుంటుంది. పొడి కరుగుతూ చిన్నచిన్న బుడగలు లేచాయి. ఆవిరి కళ్ళలో మండుతుంటే పైటకొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని కట్టెపుల్లతో కలిపింది. నూనె తేనెరంగుకు తిరిగాక మూకుడు దించి, పాత పంచెగుడ్డలో వడగట్టి, వెడల్పు బేసిన్లోని చన్నీళ్ళలోకి పోసింది. నూనె నీళ్ళమీద చెదిరి, చల్లారి, పసుప్పచ్చని మీగడలా తేలింది.

అసలు పని అక్కడినుంచి మొదలవుతుంది. ఆ ముద్దను అరచేత్తో బేసిన్ అంచుకు రుద్దుతూ నీళ్ళలో పిసకాలి. నీళ్ళు పాలలా మారితే వంచేసి కొత్తనీళ్ళు పోయాలి. అలా ఒకసారి పిసికి వంచితే దాన్ని ఒక నీళ్ళు అంటుందామె. ఎప్పుడూ ఇరవై నీళ్ళతో ఆపేస్తుంది. అప్పటికి ముద్ద లేత పసుపులో ఉంటుంది, గుగ్గిలం వాసన సన్నగా ఉంటుంది. ఈసారి నూరు నీళ్ళు కడగాలనుకుంది.

రొయ్యల గుంటలు వచ్చాక పాలెంలో బోర్లన్నీ ఉప్పెక్కాయి. ఉప్పునీళ్ళతో పిసికితే మలాం విరిగిపోతుంది. చర్చి ముందర చేతిపంపులో మాత్రం ఇంకా మంచినీళ్ళు పడతాయి. రెబెక్కమ్మ రెండు బిందెలు తెచ్చి, అవి అయ్యేదాకా పిసికి, మళ్ళీ పోయేది. లెక్క తప్పకుండా ఒక్కో నీళ్ళకు ఒక్కో చింతగింజ పక్కన పెట్టుకుంది. నలభై దాటేసరికి భుజం పట్టేసింది. ఎడమచేతికి మార్చుకుంది. లిల్లీ పట్టబోతే పట్టనివ్వలేదు. “నీ చేతులు తడవకూడదు,” అంది. ఆ రోజు కోడలు ఇంట్లో ఉండటం ఆమెకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. చేతులు పొడిగా ఉన్నాయి. సాయంత్రానికి చీలికల అంచులు మెత్తబడ్డాయి.

గురువారం మధ్యాహ్నానికి నూరు పూర్తయ్యాయి. ముద్ద వెన్నలా తెల్లబడింది. వేలితో తీస్తే బరువే లేదు. రెబెక్కమ్మ వాసన చూసింది. తన ముక్కు మీద నమ్మకం లేక, ఎదురింటి ఆదిశేషమ్మను పిలిచి చూపించింది. ఆదిశేషమ్మ రెండుసార్లు చూసి, ఏం వాసనా లేదు, వెన్నపూస అనుకుని పిలకాయలు నాకేస్తారు జాగ్రత్త అంది.

శుక్రవారం లిల్లీ అది పూసుకునే పోయింది. విజయకుమారి చేతులు చూసింది, వాసన చూసింది, పక్కకు జరిగి దారిచ్చింది.

*

శనివారం పొద్దుగూకే వేళకు రెబెక్కమ్మ ఇంటిముందు పదిమంది చేరారు. బస్సు దిగి నేరుగా వచ్చారు. ఒంటిమీద రొయ్యల నీచు, కాళ్ళకు రబ్బరు బూట్ల అచ్చులు. లిల్లీ కంపెనీ లోపల ఈ మలాం సంగతి చెప్పేసింది. వాసన లేకపోవడమే కాదు, తెల్లటి మలాం చీలికలో నింపి పైన నున్నగా తీస్తే ట్యూబులైటు కింద చీలికే కనపడటం లేదట.

రెబెక్కమ్మ అందరికీ తామరాకు ముక్కల్లో కాస్త కాస్త పెట్టి ఇచ్చింది. ఇస్తూ ఎప్పటి మాటే చెప్పింది, నాలుగు రోజులు తడి తగలనియ్యొద్దని. ఒకామె నవ్వింది. నవ్వి, తప్పు చేసినట్టు తలదించుకుంది. వాళ్ళు అడుగుతున్నది మానే మందు కాదని రెబెక్కమ్మకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా చేతిలో ఉన్న ఆకు ఇచ్చేసింది. ఎదురుగా చాచిన చేతిని చూస్తూ ఇవ్వకుండా ఉండటం ఆమెకు చేతకాలేదు.

ఆదివారం చర్చిలో ప్రభు భోజనం. అయ్యగారు రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వెంట వస్తుంటే, ఆడవాళ్ళ వైపు అందరూ అరచేతులు చాచారు. రెబెక్కమ్మ చివర కూర్చుని ఉంది. ఆమెకు చేతులు తప్ప ఇంకేమీ కనపడలేదు. కంపెనీకి పోయే ప్రతి ఆడదాని వేళ్ళ సందుల్లోనూ తెల్లటి గీతలున్నాయి. నూరు నీళ్ళు కడిగింది తనే. లిల్లీ ఎడమచేత్తో రొట్టె తీసుకుంది.

ఇంటికొచ్చాక కుడిచెయ్యి చూపించమంది. నడిమివేలు గోరు పక్కన తెల్లగా నున్నగా ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి మలాం తుడిచేసరికి కింద ఎర్రగా కమిలిన చర్మం బయటపడింది. వేలు చివర గట్టిగా, నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది. నొక్కితే లిల్లీ పళ్ళు బిగపట్టింది.

“ముల్లు గుచ్చుకునిందా?”

శుక్రవారమే గుచ్చుకుందని చెప్పింది లిల్లీ. గోరుచుట్టే గదా, అదే పోతుందనుకుంది.

రెబెక్కమ్మ వేలిని మలాం లేకుండా వదిలేసి పొడిగుడ్డ చుట్టింది. పగుళ్ళకూ కాలిన బొబ్బలకూ గుగ్గిలం పనిచేస్తుంది. చీము పట్టిన చోట పూస్తే మూతపెట్టినట్టవుతుంది, చీము లోపలికి తిరుగుతుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు. పొద్దున్నే విడవలూరు ఆసుపత్రికి పోదామంది. లిల్లీ మంగళవారం పోయాక చూద్దామంది. మంగళవారం సరుకు కొనే పరాయి దేశంవాళ్ళు కంపెనీ చూడటానికి వస్తున్నారట. లోపలా బయటా సున్నాలు వేయిస్తున్నారు. సోమ మంగళవారాలు రాని వాళ్ళ పేర్లు కొట్టేస్తామని చెప్పారట.

ఆ సాయంత్రం విజయకుమారే వచ్చింది. పక్క వీధి మనిషి, చర్చి పాటల్లో లిల్లీ పక్కన నిలబడే పిల్ల. చేతిలో మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. రెబెక్కమ్మ మంచం వాల్చింది. విజయకుమారి కూర్చోకుండా గడప దగ్గరే నిలబడి, ఆ రోజు గేటు దగ్గర వెనక్కి పంపినందుకు ఏమీ అనుకోవద్దంది. తర్వాత డబ్బా నేలమీద పెట్టింది. మంగళవారానికి దాన్నిండా మలాం కావాలి. బట్టలు మార్చుకునే గదిలో పెడతారు, అందరూ పూసుకునే వరసలోకి వస్తారు. మేనేజరుకు తెలుసు, ఆయనే పంపాడు.

“ఎంతమందికి ఉండాయి పుండ్లు?” అని అడిగింది రెబెక్కమ్మ.

“ఎవురికి లేవు అని అడగండి పెద్దమ్మా.”

“నాలుగు రోజులు చేతులు పొడిగా ఉంటే అన్నీ మానతాయి. మందు నేనిస్తా. ఆ నాలుగు రోజులు మీరు ఇయ్యండి.”

 విజయకుమారి తన చేతులు వెనక్కి పెట్టుకుంది. సూపర్వైజరు కాకముందు ఆరేళ్ళు ఆమె కూడా బల్ల దగ్గర నిలబడే వలిచింది. గోళ్ళు ఇప్పటికీ సగానికే పెరుగుతాయి.

“వెనక్కి పంపితే లైను ఆగిపోద్ది. పంపకపోతే నన్ను పంపిస్తారు. నాలుగు రోజులిచ్చేది నా చేతిలో ఏడుంది పెద్దమ్మా,” అంది.

డబ్బా అక్కడే వదిలి వెళ్ళిపోయింది. రెబెక్కమ్మ ఆ రాత్రికి దాన్ని గోడవారకు నెట్టింది. సోమవారం పొద్దున లిల్లీ గుడ్డ విప్పేసి, వేలికి తానే మలాం పూసుకుని బస్సెక్కిపోయాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. మలాం ఇవ్వకపోతే రేపు ఇరవైమంది గేటు దగ్గర ఆగిపోతారు. ఇస్తే ఇరవైమంది చేతులు మళ్ళీ ఐసులో పడతాయి. ఏది చేసినా నష్టపోయేది ఆ ఇరవైమందే. బిందెలు తీసుకుని చర్చి పంపు దగ్గరికి పోయింది. ఆదిశేషమ్మ సాయం వచ్చింది. ఇద్దరూ మార్చి మార్చి పిసికారు. పొద్దు వాలేలోపు డబ్బా నిండింది. కంపెనీ మనిషి ఒకడు బండిమీద వచ్చి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం లిల్లీ బస్సు దిగేసరికి ఆమె వేలు నల్లబడుతోంది. మణికట్టు దాకా ఎర్రటి గీత ఒకటి చర్మం కింద పాకింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. రెబెక్కమ్మ ఆ గీతను చూసి ఇప్పుడే పోదాం పదమంది. 

“రేపొక్కరోజే అత్తా,” అంది లిల్లీ. “బుధవారం నువ్వెక్కడికంటే అక్కడికి వస్తా. ఇప్పుడు పోతే ఉంచేస్తారు. నా పేరు కొట్టేస్తారు.”

కోడలికి తెలివిలేక అంటున్న మాట కాదది. 

*

మంగళవారం తెల్లవారుజామున లిల్లీ స్నానానికి పోయినప్పుడు రెబెక్కమ్మ పొయ్యిమీద చిన్న గరిటె పెట్టి, రెండు చుక్కల నూనెలో గుగ్గిలం పలుకు ఒకటి కరిగించింది. దాన్ని గిన్నెలో మిగిలిన తెల్లమలాంలో కలిపింది. కడగలేదు. గదంతా వాసన నిండింది. ఆమె తలుపు బార్లా తీసి విసనకర్రతో విసిరింది.

లిల్లీ తల తుడుచుకుంటూ వచ్చి చేతులు చాచింది. రెబెక్కమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు చేతులకూ తనే పూసింది. నల్లబడిన వేలిని మాత్రం తాకకుండా, దాని చుట్టుపక్కలంతా దట్టంగా పూసింది. ఏ వాసనను పోగొట్టడానికి రెండు రోజులు భుజాలు విరగ్గొట్టుకుందో, ఆ వాసననే చేతులారా పూసి పంపుతోంది. విజయకుమారి ముక్కు చురుకైంది. చూస్తుంది, పక్కకు లాగుతుంది. తొమ్మిదికల్లా లిల్లీ ఇంట్లో ఉంటుంది. పదికి విడవలూరులో ఉంటారు. పేరు పోతే పోయింది.  లిల్లీ చేతుల వైపు చూడకుండా గోడవైపు చూస్తూ కూర్చుంది. పూయడం అయ్యాక లేచి వెళ్ళిపోయింది.

రెబెక్కమ్మ ఆధార్ కార్డు, నీళ్ళ సీసా, మార్చుకోవడానికి ఒక చీర సంచిలో సర్దింది. ఎనిమిది నుంచి వసారాలో కూర్చుంది. రోడ్డు మలుపు దగ్గర ఆటో శబ్దం అయినప్పుడల్లా లేచి నిలబడింది. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరకు సంచి భుజానికి తగిలించుకుని మలుపుదాకా నడిచింది. పదయ్యాక వెనక్కి వచ్చింది. పదకొండుకు ఆదిశేషమ్మ వచ్చి ఎవరికోసం చూస్తున్నావంది. ఎవరికోసమూ కాదని చెప్పింది.

సాయంత్రం బస్సులోంచి లిల్లీని ఇద్దరు చెరో భుజం పట్టుకుని దించారు. ఒళ్ళు కాలిపోతోంది. కుడిచెయ్యి మోచేతిదాకా వాచింది. చూడటానికి వచ్చినవాళ్ళు అంతా బాగుందన్నారనీ, చేతులు చూసి మెచ్చుకున్నారనీ ఆ ఇద్దరిలో ఒకామె చెప్పింది. ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడినట్టుగా ఉంది ఆమె గొంతు. రెబెక్కమ్మ భుజం మీది సంచి పొద్దుటినుంచి దించనే లేదు. రోడ్డుమీద దొరికిన ఆటోలో విడవలూరు పోయారు. అక్కడ చూసి, చెయ్యి కూడా ముట్టుకోకుండా నెల్లూరు పంపించారు.

*

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల. రెండు రోజుల్నుంచి నిద్రలేనట్టున్నాయి కళ్ళు. వేలు మొదటి కణుపుదాకా తీసేయాల్సి వచ్చిందనీ, ఒక్కరోజు ముందు తెచ్చుంటే చీము తీసి వేలు నిలిపేదాన్ననీ చెప్పింది. కాగితం మీద రాసుకుంటూ ఏం పూశారని అడిగింది.

“గుగ్గిలం మలాం,” అంది రెబెక్కమ్మ.

“ఎవరిచ్చారు?”

“నేనే చేసినా.”

డాక్టరు కలం ఆపి ఆమెను చూసింది. కోప్పడలేదు. ఇలాంటి నాటుమందులు పూసి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను నెలకు నలుగురిని చూస్తున్నాననీ, ఇంకెవరికీ ఇవ్వొద్దనీ మెల్లగా చెప్పింది. పుండుమీద తాను పూయలేదని, పూసినంత మాత్రాన ఇలా కాదని, ఆ చేతులు ఎక్కడ నానాయో అడగమని రెబెక్కమ్మ నోటిదాకా వచ్చింది. మంచం మీద లిల్లీ కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది. ఆ చూపులో కంపెనీ పేరు ఎత్తొద్దని ఉంది. బస్సెక్కే ఇరవైమంది ఉన్నారు. రెబెక్కమ్మ సరేనమ్మా అంది. డాక్టరు కాగితం మీద ఆ మందు పేరు రాసుకుని, దాని కింద గీత గీసి, పక్క మంచానికి పోయింది.

మధ్యాహ్నం లిల్లీకి జ్వరం తగ్గింది. రెబెక్కమ్మ చెంచాతో గంజి పోసింది. నాలుగు చెంచాలు తాగి చాలంది.

“నిన్న పొద్దున మలాం వాసనొచ్చింది అత్తా.”

రెబెక్కమ్మ గిన్నె కింద పెట్టింది. “కలిపినాను. వెనక్కి పంపిస్తారని.”

“తెలుసు. నువ్వు పూసేటప్పుడే తెలిసింది.” లిల్లీ కాసేపు ఊపిరి తీసుకుంది. “చర్చి పంపు కాడ ఇసకేసి రుద్ది, సర్ఫేసి కడుక్కున్నా. కంపెనీలో డబ్బాలోది పూసుకోని వరసలో నిలబడినా.”

“ఆ వేలు కూడా రుద్దినావా?”

“దానిమీద కూడా అంటుకోనుంటే ఎట్ట అని.”

రెబెక్కమ్మ ఆ పంపును, చీకట్లో వంగి వేలిమీద ఇసుక రుద్దుకుంటున్న మనిషిని తలుచుకుంది. కోప్పడదామనుకుంది. ఎవరిమీద కోప్పడాలో తెలియక, మూతి తుడిచే గుడ్డను మడిచి మళ్ళీ విప్పింది.

లిల్లీ కట్టు కట్టిన చేతిని పొట్టమీద పెట్టుకుని చూసుకుంటోంది. కట్టులోంచి బొటనవేలూ చూపుడువేలూ బయటికి ఉన్నాయి. వాటితో దుప్పటి అంచును పట్టుకుంది. నొక్కి, కొంచెం తిప్పి, లాగింది. మళ్ళీ పట్టుకుంది.

“రొయ్య తలకాయ తీసేదానికి ఈ రెండు వేళ్ళు చాలు గదా అత్తా,” అంది.

 లిల్లీ దుప్పటి అంచు వెంట కొద్దికొద్దిగా జరుపుకుంటూ, పట్టుకుని, తిప్పి, లాగుతూ పోయింది.